తుపాను హెచ్చరిక

ఘుగ్గుస్ చుట్టుపక్కల ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనులు ఉన్నాయి. ఆ గనుల్లో బొగ్గునూ రాతినీ పేల్చడానికి ముందు సైరన్ మోగుతుంది. సైరన్ వినగానే కార్మికులు పని ఆపి దూరంగా వెళ్ళిపోతారు. "ఇది నిజమేనా? మరికాసేపు చూద్దామా?" అని ఎవరూ నిలబడరు. ఆ శబ్దానికి అర్థం ఏమిటో అందరికీ తెలుసు. దానిమీద అందరికీ నమ్మకం ఉంది. అందుచేతనే ప్రాణాలు దక్కుతాయి.

గనిలో పేలుడు మనిషి చేసే పని. దాని వేళను మనిషే నిర్ణయిస్తాడు. కాని సముద్రంలో పుట్టే తుపాను మన మాట వినదు. మరి దాని రాకను ముందుగా ఎలా తెలుసుకొంటారు? ఆ సంగతి ప్రజలకు ఎలా చేరవేస్తారు? ఈ పాఠంలో తెలుసుకొందాం.

మన ఊరికి సముద్రం చాలా దూరం. అయినా తుపాను అనే మాట తెలుగువారికి కొత్తది కాదు. బంగాళాఖాతం ఒడ్డున ఉన్న ఆంధ్ర తీరాన్ని ఎన్నో తుపానులు తాకాయి. వాటిలో 1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమను ముంచిన తుపానును పెద్దలు నేటికీ తలచుకొంటారు. ఆనాడు గాలివానతోపాటు ఉప్పెన వచ్చింది. అనగా సముద్రపు నీరు గోడలా లేచి భూమి మీదికి చొచ్చుకొని వచ్చింది. దాని ఎత్తు సుమారు 5 మీటర్లు. ఊళ్ళకు ఊళ్ళే కొట్టుకొనిపోయాయి. అధికార లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది మరణించారు.

ఆనాడు హెచ్చరికలు లేవా? ఉన్నాయి. వాతావరణ శాఖ తుపానును గమనిస్తూనే ఉంది. ఆకాశవాణి వార్త చెప్పింది. కాని ఆ తుపాను మొదట పడమరగా సాగి, తరువాత ఉత్తరం వైపుకు తిరిగింది. పల్లెల్లో రేడియోలు తక్కువ. టెలిఫోను ఉన్న ఊళ్ళు మరీ తక్కువ. వార్త విన్నవారిలో కూడా చాలామంది ఇది ఎప్పుడూ వచ్చే గాలివానే అనుకొన్నారు. ఉప్పెన ఎంత ఎత్తున వస్తుందో వారు ఊహించలేదు. వెళ్ళి తలదాచుకోవడానికి ఎత్తైన గట్టి భవనాలు కూడా దగ్గరలో లేవు. హెచ్చరిక వెలువడడం వేరు, అది మనిషిని చేరడం వేరు, చేరిన తరువాత అతడు కదలడం వేరు. ఈ మూడూ జరిగితేనే ప్రాణాలు నిలుస్తాయి.

ఇప్పుడు తుపాను ఎలా పుడుతుందో చూద్దాం. సముద్రపు పైనీటి వేడి సుమారు 26.5 డిగ్రీల సెల్సియస్‌కు మించినప్పుడు ఆ నీరు ఎక్కువగా ఆవిరి అవుతుంది. తేమతో నిండిన వేడిగాలి పైకి లేస్తుంది. అక్కడ గాలి ఒత్తిడి తగ్గుతుంది. దానినే అల్పపీడనం అంటారు. చుట్టూ ఉన్న గాలి ఆ చోటికి పరుగెత్తుతుంది. భూమి తన చుట్టూ తాను తిరుగుతున్నందువల్ల ఆ గాలి తిన్నగా పోక సుడి తిరుగుతుంది. పైకి పోయిన ఆవిరి చల్లబడి మేఘంగా మారేటప్పుడు తనలోని వేడిని విడిచిపెడుతుంది. ఆ వేడే సుడికి బలం ఇస్తుంది. పొయ్యికి కట్టెలు ఎలాగో తుపానుకు వేడి సముద్రం అలాగ. తుపాను భూమి మీదికి వచ్చిన తరువాత బలహీనపడడానికి ముఖ్య కారణం ఇదే. కట్టెలు అందని పొయ్యి ఆరిపోతుంది కదా!

గాలి వేగాన్ని బట్టి ఈ సుడులకు పేర్లు పెట్టారు. గాలి గంటకు 31 నుండి 49 కిలోమీటర్ల వేగంతో వీస్తే వాయుగుండం. 50 నుండి 61 వరకు తీవ్ర వాయుగుండం. 62 కిలోమీటర్లు దాటితే తుపాను. 89 దాటితే తీవ్ర తుపాను. 118 దాటితే అతి తీవ్ర తుపాను. 166 దాటితే దానికంటె పై తరగతి. 221 దాటితే సూపర్ సైక్లోన్. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకినది ఈ చివరి రకానిదే.

మన దేశంలో ఈ పరిశీలన చేసేది భారత వాతావరణ శాఖ. 1864లో ఒక పెద్ద తుపాను కలకత్తాను నాశనం చేసింది. 1866లోను, 1871లోను వానలు సరిగా కురవలేదు. ఇటువంటి కష్టాల తరువాత 1875లో ఈ శాఖ ఏర్పడింది.

ఈ శాఖకు కళ్ళు నాలుగు చోట్ల ఉన్నాయని చెప్పవచ్చు. మొదటిది నేల. దేశమంతటా ఉన్న వాతావరణ కేంద్రాల్లో నియమిత వేళల్లో గాలి ఒత్తిడిని, ఉష్ణోగ్రతను, తేమను, గాలి దిక్కును, వానను కొలుస్తారు. రెండవది సముద్రం. ఓడలు, నీటిపై తేలే పరికరాలు అక్కడి వివరాలు పంపుతాయి. మూడవది గాలి. నాగపూర్, హైదరాబాద్, మచిలీపట్నం వంటి చోట్ల హైడ్రోజన్ నింపిన పెద్ద బెలూనుకు ఒక చిన్న పరికరాన్ని కట్టి వదులుతారు. అది చాలా ఎత్తుకు పోతూ ఏ ఎత్తున ఎంత వేడి, ఎంత తేమ ఉన్నాయో రేడియో ద్వారా తెలుపుతుంది. ప్రపంచంలోని ఇటువంటి కేంద్రాలన్నీ ఒకే వేళకు బెలూన్లు వదులుతాయి. మన గడియారం ప్రకారం అవి తెల్లవారుజామున, సాయంత్రం సుమారు 5.30 గంటల వేళలు. నాలుగవది ఆకాశం. 2016లో ప్రయోగించిన ఇన్‌శాట్-3డీఆర్, 2024లో ప్రయోగించిన ఇన్‌శాట్-3డీఎస్ వంటి ఉపగ్రహాలు సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తు నుండి మేఘాల చిత్రాలు తీస్తాయి.

తుపాను తీరానికి దగ్గరైనప్పుడు రాడారు పని మొదలవుతుంది. రాడారు పంపిన రేడియో తరంగాలు వాన చినుకులకు తగిలి తిరిగి వస్తాయి. దానినిబట్టి వాన ఎక్కడ ఉందో, ఎంత ఉందో తెలుస్తుంది. డాప్లర్ రాడారు చినుకులు ఏ వైపుకు ఎంత వేగంగా కదులుతున్నాయో కూడా తెలుపుతుంది. మచిలీపట్నంలో, విశాఖపట్నంలో, మన విదర్భలోని నాగపూర్‌లో ఇటువంటి రాడార్లు ఉన్నాయి.

ఈ వివరాలన్నీ పెద్ద కంప్యూటర్లకు చేరుతాయి. కంప్యూటరు భూగోళాన్ని గళ్ళు గళ్ళుగా విభజించి, ప్రతి గడిలోను గాలి ఇకముందు ఎలా మారుతుందో భౌతికశాస్త్ర సూత్రాలతో లెక్క కడుతుంది. గడి ఎంత చిన్నదైతే లెక్క అంత సూక్ష్మంగా ఉంటుంది. 2025 మే నెలలో మన దేశం ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో గడి వెడల్పు సుమారు 6 కిలోమీటర్లు.

అయినా లెక్కలో తేడా రావచ్చు. మొదట కొలిచిన దానిలో కొద్దిపాటి లోపం ఉన్నా రోజులు గడిచేకొద్దీ అది పెరుగుతుంది. అందుచేత శాస్త్రజ్ఞులు తుపాను దారిని ఒకే గీతగా చూపరు. గీతకు రెండు వైపులా కొంత మేర కలిపి చూపుతారు. ఆ మేర రేపటికి ఇరుకుగా, అయిదవ రోజుకు వెడల్పుగా ఉంటుంది. "తుపాను ఇక్కడికే వస్తుంది" అని కాక "ఈ మేరలో ఎక్కడికైనా రావచ్చు" అని దాని అర్థం. ఆ మేరలో ఉన్నవారందరూ సిద్ధపడాలి. తుపాను పక్క ఊరికి పోతే హెచ్చరిక అబద్ధమైందని అనుకోరాదు.

మరి ఈ కబురు ప్రజలకు ఎలా చేరుతుంది? తీరానికి సంబంధించిన హెచ్చరికలు నాలుగు దశల్లో వెలువడుతాయి. 72 గంటల ముందు అధికారులకు తొలి కబురు అందుతుంది. 48 గంటల ముందు అప్రమత్తం చేస్తారు. 24 గంటల ముందు తుపాను ఎక్కడ తీరం దాటవచ్చో, ఉప్పెన ఎంత ఎత్తున రావచ్చో తెలిపే హెచ్చరిక ఇస్తారు. 12 గంటల ముందు, తీరం దాటిన తరువాత లోపలి జిల్లాల్లో ఏమి జరుగుతుందో కూడా చెబుతారు. ఓడరేవుల్లో 1 నుండి 11 వరకు నంబర్లు గల ప్రమాద సూచికలు ఎగురవేస్తారు. రేడియో, టీవీ, మొబైల్ సందేశాలు, ఊరిలో మైకు ప్రకటనలు కబురును ఇంటింటికీ చేరుస్తాయి. మంచు తుపానులు వచ్చే అమెరికా వంటి దేశాల్లో కూడా పద్ధతి ఇటువంటిదే. ప్రమాదం రావచ్చు అన్నప్పుడు ఒక మాట, వచ్చేస్తున్నది అన్నప్పుడు మరొక మాట వాడుతారు. 1993 మార్చిలో అక్కడ వచ్చిన పెద్ద మంచు తుపాను సంగతి సుమారు అయిదు రోజుల ముందే చెప్పగలిగారు.

ఈ శ్రమకు ఫలితం ఏమిటి? 1990 మే నెలలో ఆంధ్ర తీరాన్ని బలమైన తుపాను తాకింది. ఈసారి ఉపగ్రహ చిత్రాలు ఉన్నాయి. లక్షన్నరకు పైగా జనాన్ని ముందే తరలించారు. అయినా వెయ్యిమందికి దగ్గరగా మరణించారు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ వద్ద తీరం దాటింది. అంతకుముందే ఒడిశా, ఆంధ్ర తీరాల నుండి సుమారు పది లక్షల మందిని సురక్షిత స్థలాలకు చేర్చారు. మరణాలు పదుల సంఖ్యకు తగ్గాయి. సరిగ్గా ఏడాదికి, 2014 అక్టోబరు 12న, హుద్‌హుద్ విశాఖపట్నాన్ని తాకింది. చెట్లు, స్తంభాలు, పైకప్పులు కూలాయి. కాని నగరం ముందే ఎరిగి ఉంది. గాలి బలం తగ్గలేదు, కబురు బలం పెరిగింది.

తుపాను తీరంతో ఆగదు. 2024 ఆగస్టు 31 రాత్రి కళింగపట్నం సమీపంలో తీరం దాటిన వాయుగుండం లోపలికి సాగి మన విదర్భ వైపుకు వచ్చింది. అదే సమయంలో విజయవాడను వరద ముంచింది. అటువంటి వానలకు మన వర్ధా నది కూడా పొంగుతుంది. ఇంకా చంద్రపూర్ జిల్లాలో వేసవి ఎండలు 45 డిగ్రీలు దాటడం, వానకాలంలో పిడుగులు పడడం మీరు ఎరిగినదే. వడగాలికి, భారీ వానకు కూడా వాతావరణ శాఖ రంగులతో హెచ్చరిస్తుంది. ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదని. పసుపు అంటే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధంగా ఉండమని. ఎరుపు అంటే వెంటనే జాగ్రత్త చర్య తీసుకోమని. పిడుగుల కోసం పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ 'దామిని' అనే మొబైల్ యాప్‌ను తయారుచేసింది.

ఈ పనిలో మీకు కూడా పాత్ర ఉంది. మన ఊరిలో హెచ్చరికలు మరాఠీలోనో హిందీలోనో వస్తాయి. ఇంట్లో నాయనమ్మకు తెలుగు తప్ప మరొక భాష రాకపోవచ్చు. మీకు మూడు భాషలూ వచ్చు. "నాయనమ్మా! ఇవాళ ఎర్ర హెచ్చరిక ఉంది. మధ్యాహ్నం బయటికి పోవద్దు" అని మీరు చెప్పాలి. చెట్టు కింద నిలబడిన తమ్ముణ్ణి ఉరుము వినగానే ఇంట్లోకి పిలవాలి. ఉపగ్రహం నుండి బయలుదేరిన కబురు ఎన్నో చేతులు మారి వస్తుంది. దాని చివరి అడుగు మీ గడప దగ్గరే ఉంది.

అభ్యాసం

1. గనిలో మోగే సైరన్‌కు, తుపాను హెచ్చరికకు ఉన్న పోలిక ఏమిటి? తేడా ఏమిటి?
2. 1977లో హెచ్చరిక ఉన్నా ప్రాణనష్టం ఎందుకు జరిగింది?
3. తుపాను భూమి మీదికి రాగానే ఎందుకు బలహీనపడుతుంది?
4. తుపాను దారిని ఒకే గీతగా ఎందుకు చూపరు?
5. ఒక వారం రోజులు వార్తల్లో మీ జిల్లా హెచ్చరిక రంగును రాసుకొనండి. ప్రతి రంగుకు మీ ఇంట్లో ఏమి చేయాలో పెద్దలతో మాట్లాడి తెలుగులో పట్టిక తయారుచేయండి.