'సత్య'... బలం ఎక్కడో, బలహీనతా అక్కడే!

సముద్రపు ఒడ్డున ఓ బండరాయి. దానిమీద నిల్చుని ఈ నగరానికి రాజెవరంటూ గొంతు చించుకుని అరుస్తాడు భీకూ మాత్రే. థియేటర్లో ఈలలు మోగిపోతాయి. కాస్త ఆగి ఆలోచిస్తే... ఆ ఈలలు పడుతున్నది ఓ హంతకుడికి! 1998 జులై 3న విడుదలైన 'సత్య' గొప్పదనమూ లోపమూ రెండూ ఆ ఈలలోనే ఉన్నాయి.

విజయవాడలో ఇంజినీరింగ్ చదివి, హైదరాబాద్‌లో వీడియో షాపు నడిపిన రామ్‌గోపాల్ వర్మ 1989లో 'శివ'తో తెలుగు సినిమాకి సైకిల్ చైన్ అందించాడు. అందులో జేడీగా భయపెట్టిన చక్రవర్తినే తొమ్మిదేళ్ల తర్వాత హిందీలో 'సత్య'గా నిలబెట్టాడు. 'రంగీలా'తో తారాపథానికి చేరిన ఊర్మిళని పక్కింటి అమ్మాయిని చేశాడు. మిగిలినవాళ్లలో చాలామంది అప్పటికి పెద్దగా పేరులేని నటులు. రచన అనురాగ్ కశ్యప్, సౌరభ్ శుక్లాలది.

ముంబయి చిత్రసీమ మాఫియా పేరు వింటే వణికిపోతున్న రోజులవి. క్యాసెట్ల వ్యాపారి, నిర్మాత గుల్షన్ కుమార్‌ని 1997 ఆగస్టు 12న పట్టపగలే కాల్చి చంపారు. ఏడాది తిరక్కుండానే వచ్చిన 'సత్య'లోనూ ఓ నిర్మాత హత్య ఉంది. జనానికి అది కల్పనలా కాక, పేపర్లో చదివిన వార్తలానే కనిపించింది.

మన వీధిలోనే ఉన్నట్టు...

పొట్ట చేతపట్టుకుని ముంబయి వచ్చిన యువకుడు సత్య. చేయని నేరానికి జైలుకెళతాడు. అక్కడ భీకూతో గొడవ పడతాడు, ఆ గొడవే స్నేహమవుతుంది. బయటికొచ్చి ముఠాలో చేరతాడు. కథ ఇంతే. చెప్పిన తీరే కొత్త.

అంతకుముందు హిందీ తెరమీద డాన్ అంటే ఎక్కువగా తెల్ల సూటు, పెద్ద బంగళా. మణిరత్నం 'నాయకుడు', విధు వినోద్ చోప్రా 'పరిందా' ఆ మూసని కొంత పగలగొట్టాయి. 'సత్య' ఇంకో అడుగు ముందుకేసింది. ఇందులో ముఠా మనుషులు ఇరుకు గదుల్లో ఉంటారు, వానలో తడుస్తారు, పెళ్లాంతో తిట్లు తింటారు. మనోజ్ బాజ్‌పాయ్ భీకూగా నటించలేదు, బతికేశాడు. జాతీయ ఉత్తమ సహాయ నటుడి అవార్డు అందుకున్నాడు. అతని భార్య ప్యారీగా షెఫాలీ షా కనిపించేది కాసేపే అయినా మర్చిపోలేం. ఆ ఆలుమగలు కొట్టుకున్నా నవ్వుకున్నా అచ్చం మన వీధిలో సంసారంలానే ఉంటుంది. కల్లూ మామ పాత్ర వేసింది రచయిత సౌరభ్ శుక్లాయే.

హింసని చూపిన పద్ధతీ వేరు. చావు చెప్పాపెట్టకుండా వస్తుంది. నవ్వుతూ సంబరం చేసుకుంటున్న భీకూని నాయకుడు భావూ ఒక్క తూటాతో ముగించేస్తాడు. వీరమరణం లేదు, చివరి మాటలు లేవు. సందీప్ చౌతా నేపథ్య సంగీతం ఆ భయాన్ని రెట్టింపు చేస్తుంది.

చనిపోయినవాళ్ల మాటేమిటి?

ఇక లోపాలు. అసలు సత్య ఎవరు? ఎక్కణ్నుంచి వచ్చాడు? సినిమా చెప్పదు. ఆ గుట్టు మొదట్లో ఆసక్తిగానే ఉన్నా, అతను అంత సులువుగా తుపాకీ ఎందుకు పట్టాడో చివరికీ అర్థంకాదు. అందుకే పేరు సత్యదైనా సినిమా భీకూదైపోయింది. విద్యతో ప్రేమకథ కోసం వచ్చే పాటలు విశాల్ భరద్వాజ్, గుల్జార్ చేతుల్లో వినసొంపుగా ఉన్నా కథ నడకకి అడ్డుపడతాయి. ప్రియుడు ఏం చేస్తుంటాడో విద్యకి అంతకాలం తెలియకపోవడం నమ్మబుద్ధి కాదు. విచారణ లేకుండా కాల్చేసే ఎన్‌కౌంటర్లనీ సినిమా గట్టిగా ప్రశ్నించదు.

అన్నిటికన్నా పెద్ద లోటు ఇంకొకటి. ముఠావాళ్ల ఇంట్లోకి మనల్ని తీసుకెళ్లిన కెమెరా, వాళ్ల చేతిలో పోయినవాళ్ల గడప తొక్కదు. భీకూ పోతే ప్యారీ గుర్తొచ్చి గుండె బరువెక్కుతుంది. మరి చనిపోయిన నిర్మాతకి భార్యాబిడ్డలు లేరా? పోలీస్ కమిషనర్ ఇంట్లో ఆ రాత్రి ఎలా గడిచింది? ఆ ప్రశ్నలు అడగాలన్న ఆలోచనే మనకి రానివ్వదు సినిమా. భీకూని మనిషిగా చూపడం దాని బలమైతే, మిగిలినవాళ్లని మనుషులుగా చూపకపోవడం బలహీనత.

ఆ సంగతి వర్మకీ తెలుసేమో అనిపించే చోటు మాత్రం ఒకటుంది. గణేశ్ నిమజ్జనం జనసందోహంలో భావూని చంపిన సత్య, నెత్తురోడుతూ విద్య ఇంటికొస్తాడు. అప్పటికే ఆమెకి నిజం తెలిసింది. ప్రేమించినవాడే తలుపు బాదుతుంటే ఆమె పడే నరకం... నేరం ఓ మామూలు ఇంటిని ఏం చేస్తుందో సినిమా మొత్తంలో స్పష్టంగా కనిపించేది అక్కడే.

తర్వాత వర్మ నుంచే 'కంపెనీ' (2002), ఆయన నిర్మించిన 'డి' (2005) వచ్చాయి. అనురాగ్ కశ్యప్, మనోజ్ కలిసి 2012లో 'గ్యాంగ్స్ ఆఫ్ వాసేపూర్' చేశారు. 2025 జనవరిలో 'సత్య' మళ్లీ థియేటర్లకొచ్చింది. 'సత్య'ని చూసి సినిమాలు తీసినవాళ్లు చాలామంది బండరాయి మీది అరుపునే పట్టుకున్నారు. తలుపు వెనక ఏడుపుని వదిలేశారు. ఎదిగిన పిల్లలతో కలిసి ఈ సినిమా చూసే పెద్దలు, ఈలల గోల సద్దుమణిగాక ఆ రెండో సన్నివేశం గురించి ఓ మాట మాట్లాడితే బావుంటుంది.