ఫారిన్ సైట్‌లో ఆర్డర్ పెట్టారా? కస్టమ్స్ డబ్బులు అడిగింది అసలువాళ్లా, దొంగలా?

ఈమధ్య నాకు ఎక్కువగా వస్తున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, బయటి దేశం సైట్‌లో ఒక వస్తువు కొన్నాను. ఇప్పుడు కస్టమ్స్ డబ్బులు కట్టమంటున్నారు. కట్టాలా, వద్దా?"

దీనికి అవును, కాదు అని ఒక్క ముక్కలో చెప్పలేను. అడిగింది నిజంగా కస్టమ్స్ వాళ్లయితే కట్టాల్సిందే. దొంగలైతే రూపాయి కూడా కట్టకూడదు. ఆ తేడా తెలియాలంటే అసలు పద్ధతి ఎలా ఉంటుందో ముందు తెలియాలి. ఈరోజు అదే చూద్దాం.

నా సంగతే చెప్తాను. రికార్డింగ్ మైక్‌కి ఒక చిన్న పార్ట్ కావాలి. ఇక్కడ దొరకలేదు, వైజాగ్‌లో కూడా అడిగాను, లేదన్నారు. ఒక విదేశీ సైట్‌లో దొరికింది. వస్తువు 4,000, షిప్పింగ్ 1,000. సరే అని కార్డు పెడితే మూడుసార్లు ఫెయిల్. ఎలాగో పేమెంట్ అయింది. పది రోజులకి "మీ పార్సిల్ ఆగిపోయింది, 35 రూపాయలు కట్టండి" అని ఒక మెసేజ్, కింద లింక్. నేను ఎదురుచూస్తున్నది పార్సిల్ కోసమే కదా, నొక్కబోయాను. నంబర్ చూస్తే మామూలు పది అంకెల మొబైల్ నంబర్. అనుమానం వచ్చి ఆగాను. తర్వాత అసలు పార్సిల్ వచ్చింది, ఇంకో పదిహేను వందల దాకా డ్యూటీ కట్టాను. మా అమ్మ అయితే "ఏట్రా, ఐదు వేల వస్తువుకి మళ్లీ పదిహేను వందలా?" అంది. ఆ పదిహేను వందలు న్యాయమైనవే. ఆ 35 రూపాయలే మోసం. అదీ విషయం.

ముందు కార్డు సంగతి. ఫెయిల్ అయితే చాలాసార్లు తప్పు మీది కాదు. ఆర్‌బీఐ రూల్ ఒకటి 2020 అక్టోబర్ 1 నుంచి అమల్లో ఉంది. కొత్త కార్డు ఇచ్చినప్పుడు అది మన దేశంలో ఏటీఎంలో, షాపులో గీకడానికి మాత్రమే ఆన్‌లో ఉంటుంది. ఇంటర్నేషనల్ వాడకం మనమే ఆన్ చేసుకోవాలి. బ్యాంక్ యాప్‌లో కార్డు సెట్టింగ్స్‌కి వెళ్లి ఆన్ చేయండి, లిమిట్ పెట్టండి, పని అయ్యాక ఆఫ్ చేసేయండి. మన దేశం వరకే పనిచేసే రూపే డెబిట్ కార్డు ఉంటే చాలా ఫారిన్ సైట్లలో నడవదు. యూపీఐ కూడా ఎక్కువ సైట్లు తీసుకోవు.

ఇంకో సంగతి. మన సైట్లలో ఓటీపీ లేకుండా డబ్బు కదలదు, అది మనకి అలవాటైపోయింది. చాలా ఫారిన్ సైట్లలో కార్డు నంబర్, ఎక్స్‌పైరీ, సీవీవీ ఉంటే చాలు, ఓటీపీ లేకుండానే కట్ అయిపోతుంది. అందుకే పని అయ్యాక ఆఫ్ చేయమన్నాను.

దాని పైన మార్కప్. డాలర్లని రూపాయల్లోకి మార్చినందుకు బ్యాంక్ సాధారణంగా 2 నుంచి 3.5 శాతం దాకా తీసుకుంటుంది, దాని మీద జీఎస్టీ. ఐదు వేలకి 3.5 శాతం అంటే 175, జీఎస్టీతో కలిపి రెండొందలు అనుకోండి.

ఇప్పుడు కస్టమ్స్ లెక్క. చాలామంది వస్తువు ధర మీదే డ్యూటీ అనుకుంటారు. కాదు. షిప్పింగ్, ఇన్సూరెన్స్ కూడా కలిపి చూస్తారు. ముందు బేసిక్ కస్టమ్స్ డ్యూటీ, కొన్నిటికి దాని మీద సర్‌ఛార్జ్, ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ. అంటే పన్ను మీద పన్ను. ఉదాహరణకి డ్యూటీ 10 శాతం, ఐజీఎస్టీ 18 శాతం అనుకుందాం. ఐదు వేలకి డ్యూటీ 500. ఐదు వేల ఐదొందల మీద ఐజీఎస్టీ 990. మొత్తం 1,490. మార్కప్ కూడా కలిపితే మీ ఐదు వేల వస్తువు ఇంటికొచ్చేసరికి దగ్గరదగ్గర 6,700. రేట్లు వస్తువుని బట్టి, బడ్జెట్‌ని బట్టి మారతాయి. సొంత వాడకానికి తెప్పించుకునే వస్తువుల మీద డ్యూటీ రేటు 20 నుంచి 10 శాతానికి తగ్గిస్తామని 2026 ఫిబ్రవరి బడ్జెట్‌లో చెప్పారు. అందుకే ఆర్డర్ పెట్టే రోజున రేటు చూసుకోండి.

"అన్నా, మా మావయ్య సింగపూర్‌లో ఉన్నాడు, గిఫ్ట్ అని రాసి పంపిస్తే?" మన ఉద్దానం వైపు నుంచి ఈ ప్రశ్న చాలా వస్తుంది. ఒకప్పుడు ఐదు వేల లోపు గిఫ్ట్‌కి డ్యూటీ లేదు. 2019 డిసెంబర్‌లో ఆ దారి మూసేశారు. పోస్టులో గానీ కొరియర్‌లో గానీ గిఫ్ట్ పేరు మీద డ్యూటీ లేకుండా తెప్పించుకోవడం కుదరదు. ప్రాణాలు కాపాడే మందులకీ, రాఖీలకీ మాత్రమే మినహాయింపు. గిఫ్ట్ అయినా మామూలు డ్యూటీ కడితే పర్వాలేదు. సెల్లర్ "బిల్లు తక్కువ వేసి పంపిస్తాను" అంటే కూడా ఒప్పుకోకండి. కస్టమ్స్ వాళ్లు ధర ఒప్పుకోకపోతే పార్సిల్ ఆగిపోతుంది, తిప్పలు పడేది మీరే.

సరే, ఈ డబ్బులు ఎవరు అడగాలి? పోస్టులో వస్తే ముంబై, ఢిల్లీ, చెన్నై లాంటి చోట్ల ఉన్న ఫారిన్ పోస్టాఫీసుల్లో డ్యూటీ లెక్క కడతారు. పార్సిల్ మన ఊరి పోస్టాఫీసుకి వచ్చాక డెలివరీ అప్పుడు డబ్బు తీసుకుని రసీదు ఇస్తారు. కొరియర్‌లో వస్తే కంపెనీయే డ్యూటీ కట్టి మన దగ్గర వసూలు చేస్తుంది, తన ఫీజు కూడా వేస్తుంది. ఆధార్ లాంటి ఐడీ కూడా అడుగుతుంది. అది మామూలే.

మరి కనిపెట్టడం ఎలా? మెసేజ్‌లో లింక్ నొక్కకండి. మీరే కొరియర్ సైట్ గానీ ఇండియా పోస్ట్ సైట్ గానీ తెరిచి, సెల్లర్ ఇచ్చిన ట్రాకింగ్ నంబర్ కొట్టండి. పోస్టు పార్సిల్ నంబర్ 13 అక్షరాలు ఉంటుంది. ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర పంపిన దేశానికి రెండక్షరాలు. ఆ నంబరే చెప్పలేనివాడు మీ పార్సిల్ గురించి ఏం చెప్తాడు? కస్టమ్స్ ఆఫీసర్‌నంటూ ఫోన్ చేసి పర్సనల్ అకౌంట్‌కి, యూపీఐకి డబ్బు వేయమంటే వంద శాతం మోసం. కస్టమ్స్ వాళ్లు పంపే కాగితం మీద డిన్ అనే నంబర్ ఉంటుంది, 2019 నుంచి ఉన్న పద్ధతి. కస్టమ్స్ బోర్డు వెబ్‌సైట్‌లో అది నిజమో కాదో చూసుకోవచ్చు. "పార్సిల్‌లో డ్రగ్స్ దొరికాయి, అరెస్టు చేస్తాం" అంటే ఫోన్ పెట్టేయండి.

ఒకవేళ డబ్బు పోతే సిగ్గుపడి ఇంట్లో దాచకండి. వెంటనే 1930కి కాల్ చేయండి, బ్యాంక్‌కి చెప్పి కార్డు బ్లాక్ చేయించండి. మీ తప్పు, బ్యాంక్ తప్పు లేకుండా ఎవడో డబ్బు లాగేస్తే, మూడు పనిదినాల్లోపు బ్యాంక్‌కి చెప్తే నష్టం మీ మీద పడదని 2017లో ఆర్‌బీఐ చెప్పింది. ఓటీపీ మీరే ఇచ్చేస్తే మాత్రం బ్యాంక్‌కి చెప్పేదాకా పోయింది మీ ఖాతాలోదే. అందుకే ఎంత తొందరగా చెప్తే అంత మంచిది.

కాబట్టి ఫ్రెండ్స్, ఆర్డర్ పెట్టేముందు కాగితం మీద లెక్క వేసుకోండి. ధర, షిప్పింగ్, మార్కప్, డ్యూటీ. అప్పటికీ కొనాలనిపిస్తే కొనండి. ఎంత కట్టాలో, ఎవరికి కట్టాలో ముందే తెలిసినోడిని కస్టమ్స్ పేరు చెప్పి బెదిరించడం కష్టం. మీ ఇంట్లో తమ్ముడో చెల్లో ఇలాంటి ఆర్డర్ పెట్టి ఎదురుచూస్తుంటే ఈ వీడియో పంపించండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.