టి. నగర్ ట్రాఫిక్‌లో గేరు జారితే

గూళ్ళు లేని వారాల్లో చీరల బాడుగకు టి. నగర్ పోతే, ఉస్మాన్ రోడ్డులో బండి కదిలేదానికంటే ఆగేదే ఎక్కువ. ఆటోమేటిక్ పికప్‌కి అదే గండం. ఆగుతూ కదులుతూ ఉంటే టార్క్ కన్వర్టర్‌లో ఆయిల్ కాగిపోతుంది. ఆయిల్ పాడైనా, తగ్గినా లోపలి క్లచ్ ప్లేట్లకి పట్టు ఉండదు. ఇంజను అరుస్తుంది, బండి పోదు.

పానగల్ పార్కు దగ్గర మాకదే అయింది. మెకానిక్ చూడకుండానే గేర్‌బాక్స్ దించాలన్నాడు. ముందు ఆయిల్ చూడమన్నాం. లెవెల్ తక్కువ, కూలర్ పైపు జాయింటు దగ్గర తడి! పైపు మార్చి, బండి పుస్తకంలో రాసిన రకం ఆయిలే పోయించాం. జారడం ఆగింది.

ఆయిల్ నల్లబడి మాడు వాసన కొడితే మాత్రం ప్లేట్లు కాలినట్టే. అడుగు పళ్ళెంలో అయస్కాంతానికి మెత్తటి బురద మామూలే, ఇనుప ముక్కలుంటే దించక తప్పదు. ఎక్కువ పోసినా నురగొచ్చి మళ్ళీ జారుతుంది.

మనలో చాలామందివి క్లచ్ బళ్ళేగా, వాటికి ఆయిల్ కాదు, పెడల్ ఫ్రీ ప్లే చూపించండి. ఊరికే పెడల్ మీద కాలు పెట్టి తోలేవాళ్ళకి ప్లేటు తొందరగా అరుగుతుంది.

గూళ్ళ లోడుతో జారితే లాగించొద్దు, వేరే బండికి మార్చేయండి. సంచుల్లో ఉక్కకి గూడు మెత్తబడితే మార్కెట్లో రేటు పడిపోతుంది.