చెరపరాని గీత

ప్రకృతిలో గీత లేదు. చెట్టున వ్రేలాడే మామిడికాయ చుట్టూ ఎవరూ గీత గీచి పెట్టలేదు. కాయ పచ్చదనం ముగిసి, వెనుకనున్న ఆకాశం మొదలయ్యే చోటు మాత్రమే అక్కడ ఉన్నది. అయినా ఆరేండ్ల పిల్లవాని చేతికి బలపమిచ్చి మామిడికాయను వేయమంటే, వాడు మొట్టమొదట గీచేది ఆ లేని గీతనే! కంటికి కనబడే అనేక విషయాలలో తనకు ముఖ్యమని తోచినదానిని వేరుచేసి పట్టుకోవడానికి మనిషి కనిపెట్టిన ఉపాయం రేఖ. అది చూచినవాని మనస్సు చేసే నిర్ణయం.

మన పూర్వులు ఈ సంగతి ఎరుగుదురు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం, చిత్రంలో ఎవరెవరు దేనిని మెచ్చుకొంటారో వివరిస్తూ ఆచార్యుల మెప్పును రేఖకు కేటాయించింది. రంగుల నిండుదనాన్ని సామాన్య ప్రేక్షకులకు విడిచిపెట్టింది. రంగు చూడగానే ఆకర్షిస్తుంది. రేఖను గుర్తించడానికి కంటికి కొంత అభ్యాసం కావాలి.

ఇందుకు నిదర్శనం కోసం మనం దూరం పోనక్కరలేదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారి కలాన్ని చూస్తే చాలు. అది ఒక వెదురుపుల్ల. మొనను సన్నగా చెక్కి, దానికి కొంచెం పైన ఉన్నినో గుడ్డపీలికలనో చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట రంగునీటిని పీల్చుకొని, వ్రేళ్ల ఒత్తిడిని బట్టి మొనకు దించుతుంది. గుడ్డను ముందుగానే కరక్కాయపొడి కలిపిన పాలలో ముంచి ఆరబెట్టి ఉంచుతారు. బెల్లపునీటిలో ఇనుపముక్కలను చాలా దినాలు నానబెట్టి తీసిన ద్రవంతో గీత గీస్తారు. కరక్కాయ వగరు, ఇనుము కలిసినచోట నలుపు పుడుతుంది. పాలలోని కొవ్వు ఆ నలుపును ప్రక్కకు ప్రాకనీయదు. మొదట చింతబొగ్గుతో పెట్టుకొన్న గుర్తులు దులిపితే పోతాయి. ఈ నల్లగీత మాత్రం గుడ్డను వదలదు.

చెరపరానిది గనుకనే ఆ గీతకంత బలం. రాముని విల్లువంపును గీచే చేయి నడుమ తడబడితే, గుడ్డ ఉన్నంతకాలం ఆ తడబాటూ ఉంటుంది. అందుచేత చేయి కదలకముందే చూపు ఆ వంపువెంట ఒకసారి నడిచి రావాలి. ఎరుపు, పసుపు, నీలం తరువాత వచ్చి, రేఖ కట్టిన గదులలో కాపురముంటాయి.

రంగు తోడు లేకుండానే రేఖ ఎంత చెప్పగలదో నందలాల్ బోసు చూపించారు. 1930లో దండియాత్ర సందర్భాన ఆయన లినోలియం పలకపై చెక్కి అచ్చువేసిన గాంధీజీ బొమ్మలో నల్లని నేలపై తెల్లని గీతలు కొన్ని మాత్రమే ఉన్నాయి. చేతికర్ర, ముందుకు పడిన అడుగు చాలు, ఒక జాతి నడక కళ్లకు కడుతుంది. మన బాపు (1933–2014) గీచిన బొమ్మనైతే సంతకం చూడకుండానే తెలుగువారు పోల్చుకొంటారు. ఆ గీత వంపే ఆయన సంతకం.

ఇక మన పాఠశాలల మాట. పెన్సిలుతోపాటు రబ్బరును కూడా పిల్లవాని చేతికిస్తున్నాము. వాడు వస్తువును ఒకసారి చూచి, నాలుగుసార్లు గీచి, అయిదుసార్లు చెరుపుతాడు. చివరకు కాగితం నలుగుతుంది. చూపు మాత్రం మొదట ఉన్నచోటనే ఉంటుంది. ఆ లోపాన్ని కప్పడానికి రంగుల పెట్టె తెరుస్తాడు. మనమూ రంగు చూచి మార్కులు వేస్తాము.

ఉపాధ్యాయ మిత్రులు వారానికొక గంట రబ్బరును ప్రక్కన పెట్టించి చూడవచ్చును. ఒక రావి ఆకును బల్లపై ఉంచి, రెండు నిమిషాలు చేతులు కట్టుకొని చూడమనండి. పిదప కలంతో గీయమనండి. గీత తప్పితే చెరపక, దాని ప్రక్కనే మరొకటి గీయమనండి. రెండు గీతలూ కాగితంపై నిలిచి ఉంటే, తన చూపు ఎక్కడ పొరబడిందో, ఎక్కడ దిద్దుకొన్నదో పిల్లవాడు తానే కనిపెడతాడు. ఆ అలవాటు బొమ్మల గంటతో ఆగిపోదు. దేశపటం గీచేటప్పుడు, పువ్వును కోసి లోపలి భాగాలను పరీక్షించేటప్పుడు అక్కరకు వస్తుంది. అందరూ చిత్రకారులు కానక్కరలేదు. నిదానించి చూడడం మాత్రం అందరికీ రావాలి.