స్థానం తప్పిన కటకాలు – లేజరు శస్త్రచికిత్స

శుక్లాల ఆపరేషను అంటే నేడు మన కాలనీలలో ఎవరూ పెద్దగా కలవరపడటం లేదు. ఉదయం ఆసుపత్రికి వెళ్ళినవారు సాయంకాలానికి నల్ల కళ్ళద్దాలతో ఇల్లు చేరుతున్నారు. కొద్ది రోజులలోనే దినపత్రిక చదువుకుంటున్నారు. అయితే ఇంత సులభమైన ఈ చికిత్సే కొందరి విషయంలో వైద్యులకు కఠిన పరీక్ష అవుతుంది. వారి కంటిలోని కటకం ఉండవలసిన చోట ఉండదు. లేదా ఉండవలసిన ఆకృతిలో ఉండదు. లేదా దానిని చుట్టి ఉన్న పొర ఒకచోట మరీ బలహీనంగా ఉంటుంది. ఇట్టి కళ్ళకు లేజరు ఎంతవరకు తోడ్పడుతుంది, ఎక్కడ తోడ్పడదు అన్నది ఉద్యోగుల కుటుంబాలకు తెలిసి ఉండటం మంచిది.

కటకం పారదర్శకమైన ఒక పలుచని కోశంలో ఇమిడి ఉంటుంది. ఉట్టి తాళ్ళు కుండను పట్టి ఉంచినట్లు, సన్నని తంతువులు ఈ కోశాన్ని చుట్టూ పట్టి ఉంచుతాయి. కోశం ముందుగోడ మందం సుమారు 14 మైక్రాన్లు. వెనుక గోడ మధ్యభాగంలో సుమారు 4 మైక్రాన్లు మాత్రమే. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యవ వంతు. శస్త్రవైద్యులు ముందుగోడలో గుండ్రని ద్వారం తెరచి, మసకబారిన పదార్థాన్ని తొలగించి, ఖాళీ అయిన అదే కోశంలో కృత్రిమ కటకాన్ని నిలుపుతారు. కావున కోశం చిరగకుండా, తంతువులు తెగకుండా పని ముగించడమే ఈ చికిత్సలోని కిటుకంతా.

కృత్రిమ కటకాన్ని 1949లో లండనులో హెరాల్డ్ రిడ్లీ మొదటిసారిగా అమర్చారు. అమెరికాకు చెందిన చార్లెస్ కెల్మన్ 1967లో ఫేకో పద్ధతిని ప్రవేశపెట్టారు. చాలామంది ఫేకోనే ‘లేజరు ఆపరేషను’ అంటూ ఉంటారు గాని, అందులో లేజరు లేదు. శబ్దాతీత తరంగాలతో కంపించే సూది కటకాన్ని పొడిచేసి పీల్చివేస్తుంది. అసలైన లేజరు ఈ రంగంలోకి వచ్చినది 2008లో, హంగరీ రాజధాని బుడాపెస్టులో. ఆ సంవత్సరం జోల్టాన్ నాగీ అనే నేత్రవైద్యులు ఫెమ్టోసెకండ్ లేజరును తొలిసారి శుక్లాల రోగిపై ప్రయోగించారు.

ఒక సెకనును పది కోట్ల కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం ఫెమ్టోసెకండు. అంత అల్పకాలంలో వెలిగి ఆరే పరారుణ కాంతిని ఒక బిందువు వద్ద కేంద్రీకరిస్తే, చుట్టుపక్కల వేడి పాకకుండా ఆ బిందువు వద్ద మాత్రమే కణజాలం విడిపోయి చిన్న బుడగ ఏర్పడుతుంది. వేలాది బిందువులను వరుసగా పేర్చితే అది ఒక కోత అవుతుంది. ఇట్టి అల్పకాలిక కిరణాలను శక్తిమంతం చేసే మార్గాన్ని 1985లో కనుగొన్న జెరార్డ్ మూరూ, డోనా స్ట్రిక్‌లాండ్‌లకు 2018లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. కోతకు ముందు యంత్రం కంటి లోపలి పొరలను కాంతితోనే చిత్రించి వైద్యునికి చూపుతుంది. లేజరు చేసేది ద్వారం తెరవడం, కటకాన్ని ముక్కలుగా కోయడం వంటి పనులు. ఆ ముక్కలను బయటికి తీయడానికి వైద్యుని చేయి, ఫేకో సూది కావలసిందే.

ఇక అసాధారణ కటకాల సంగతి. వీటిలో ముఖ్యమైనది మార్ఫన్ వ్యాధి. మనిషి బాగా పొడవుగా, సన్నగా, పొడవైన వేళ్ళతో ఉంటాడు. శరీరంలోని బంధక కణజాలానికి బలమిచ్చే ఒక ప్రోటీనులో లోపమే దీనికి కారణం. ఆ ప్రోటీనుతోనే తయారయ్యే కంటి తంతువులు సడలిపోయి, కటకం సాధారణంగా పైవైపుకు జరుగుతుంది. ఇట్టి కంటిలో వైద్యులు శ్రావణంతో కోశాన్ని చీల్చబోతే కటకం చేతికి లొంగక కదిలిపోతుంది. ఊగుతున్న ఉట్టి కుండకు గుండ్రని రంధ్రం చేయబోవడం వంటిదే ఇది. లాగిన ప్రతిసారీ మిగిలిన నాలుగు తంతువులు కూడ తెగే ప్రమాదం ఉన్నది.

లేజరు ప్రయోజనం ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. అది కోశాన్ని లాగదు, నొక్కదు. కనుపాప మధ్యభాగాన్ని కాక, పక్కకు జరిగిన కటకం తన మధ్యభాగాన్నే ఆధారం చేసుకొని వృత్తాన్ని గీయవచ్చు. ఆ తరువాత కోశం లోపల ఒక వలయాన్ని అమర్చి, అవసరమైతే దానిని కంటి గోడకు దారంతో కుట్టి, కోశాన్ని తిరిగి మధ్యకు తెస్తారు. కుట్టడానికి వీలైన ఇట్టి వలయాన్ని రాబర్ట్ చియోనీ 1998లో వెల్లడించారు. అయితే నల్లగుడ్డు చాటున ఉన్న భాగాన్ని లేజరు కోయలేదు. కటకం మరీ జరిగిపోయి కనుపాపలో అంచు మాత్రమే కనిపిస్తుంటే, లేదా మందు వేసినా కనుపాప విప్పారకపోతే యంత్రం నిరుపయోగం. పైగా యంత్రాన్ని కంటికి అమర్చినంతసేపు రోగి కదలకుండా ఉండాలి. చిన్నపిల్లలకు పూర్తి మత్తు తప్పదు.

మూత్రపిండాలను, వినికిడిని దెబ్బతీసే ఆల్పోర్ట్ వ్యాధిలో చిక్కు వేరు. అక్కడ కోశం ముందుగోడ పలుచబడి, కటకం శంకువు వలె ముందుకు పొడుచుకు వస్తుంది. శుక్లం లేకున్నను చూపు వంకరలు పోతుంది. ఈ పెళుసైన గోడను లేజరుతో తెరచిన అనుభవాన్ని కూడ బుడాపెస్టు వైద్యులే ప్రకటించారు.

అన్నిటికంటె వివాదాస్పదమైనది కటకం వెనుక ధ్రువం వద్ద ఏర్పడే శుక్లం. ఇది తరచుగా వంశపారంపర్యం. శుక్లపు బిళ్ళ వెనుక గోడకు అంటుకొని ఉంటుంది. అసలే పలుచనైన గోడ అక్కడ మరింత బలహీనంగా ఉంటుంది. అమెరికాలో రాబర్ట్ ఓషర్ బృందం 1990లో ప్రకటించిన 31 కళ్ళలో 8 కళ్ళకు ఆపరేషను సమయంలో వెనుక గోడ చిరిగింది. మామూలుగా కటకాన్ని విడదీయడానికి కోశం లోపలి అంచున నీరు చిమ్ముతారు. ఇక్కడ ఆ నీటి ఒత్తిడే గోడను బద్దలు చేయగలదు. అహ్మదాబాదుకు చెందిన అభయ్ వాసవాడ కటకాన్ని లోపలినుంచి బయటికి పొరలు పొరలుగా విడదీసే పద్ధతిని 2004లో ప్రకటించారు. 2015లో అదే పనికి లేజరును వినియోగించారు. ఒకదానిలో ఒకటి ఇమిడిన గొట్టాల వలె లేజరు కోతలు పెట్టి, వెలుపలి పొరలను మెత్త వలె వెనుక గోడకు రక్షణగా చివరివరకు ఉంచడం ఇందులోని యుక్తి. మన దేశపు వైద్యుల ఈ కృషి ఎన్నదగినది. కాని లేజరు పుట్టించే వాయు బుడగలు కోశంలో చిక్కుకుంటే అవీ ఒత్తిడి కలిగిస్తాయి. సిడ్నీ వైద్యులు 2011లో వెల్లడించిన ఇద్దరు రోగులలో అట్లే జరిగి కటకం కంటి వెనుక భాగంలోకి జారిపోయింది. అందుచేత ఈ శుక్లంలో యంత్రం కంటె దానిని వాడే చేతి అనుభవమే ముఖ్యమని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

మరి సాధారణ శుక్లం ఉన్నవారి మాట? ఫ్రాన్సు, బ్రిటను దేశాలలో జరిపిన పెద్ద పరిశోధనల ఫలితాలు 2020లో వెలువడ్డాయి. చూపు విషయంలో లేజరు పద్ధతి ఫేకో కంటె మెరుగని తేలలేదు. ఖర్చు మాత్రం ఎక్కువ. కావున మామూలు శుక్లానికి లేజరు కోసమని ప్రావిడెంటు ఫండు నుంచి అప్పు తీయవలసిన పని లేదు. ఆ సొమ్ము ఇంట్లో మరొక అవసరానికి ఉపయోగపడుతుంది.

అసాధారణ కటకాన్ని ముందుగా గుర్తించడం మాత్రం అన్నిటికంటె అవసరం. పిల్లల కళ్ళద్దాల నంబరు మాటిమాటికీ పెరుగుతున్నా, ఒక కన్ను మూసినా రెండో కంటికి వస్తువు రెండుగా కనిపిస్తున్నా, అద్దాలు పెట్టినా బోర్డు మీది అక్షరాలు స్పష్టపడకపోయినా, కనుపాపకు మందు వేసి కటకాన్ని పరీక్షించమని వైద్యులను అడగాలి. బాల్యంలో సరియైన ప్రతిబింబం అందని కంటిని మెదడు క్రమంగా ఉపేక్షిస్తుంది. ఆ వయస్సు దాటిన పిదప ఎంత చక్కని ఆపరేషను చేసినా చూపు పూర్తిగా రాదు. మార్ఫన్ లక్షణాలు ఉన్నవారికి గుండె పరీక్ష కూడ తప్పనిసరి, ఏలయనగా ఇందులో గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని ఉబ్బి ప్రాణానికే ముప్పు రావచ్చు.

మేనరికాలు చేసుకొనే మన కుటుంబాలు హోమోసిస్టిన్యూరియా అనే మరొక వ్యాధిని గూర్చి తెలుసుకోవాలి. తల్లి, తండ్రి ఇరువైపులనుంచి లోపమున్న జన్యువు వచ్చినప్పుడే ఇది బయటపడుతుంది. ఇందులో కటకం సాధారణంగా కిందివైపుకు జారుతుంది. రక్తం గడ్డకట్టే స్వభావం పెరుగుతుంది గనుక, మత్తు ఇచ్చే వైద్యునికి ఈ సంగతి ముందే తెలియాలి. రక్త, మూత్ర పరీక్షలతో వ్యాధిని నిర్ధారించవచ్చు. కొందరిలో బి-6 విటమినుతోనే అదుపులోకి వస్తుంది. ఒక బిడ్డలో ఈ వ్యాధి కనబడితే తోబుట్టువులకు, వారి కళ్ళు బాగున్నట్లే తోచినా, అదే పరీక్షలు చేయించాలి.