65, 66, 67: క్లోప్ కుర్చీకి ముగ్గురు

65, 66, 67. 2023-24 సీజన్ ముగిసేసరికి యూరప్‌లో మూడు దేశాల లీగుల్లో మూడు జట్ల గోల్ తేడా ఇది. అంటే వేసిన గోల్స్‌లోంచి సమర్పించుకున్నవి తీసేస్తే మిగిలే లెక్క. జర్మనీలో బేయర్ లెవర్‌కూజెన్ 89 గోల్స్ వేసి 24 సమర్పించుకుంది. నెదర్లాండ్స్‌లో ఫెయెనూర్డ్ 92 వేసి 26, పోర్చుగల్‌లో స్పోర్టింగ్ 96 వేసి 29. మూడూ ఆడింది 34 మ్యాచులే. ఆ జట్ల మేనేజర్లు వరసగా షాబి అలొన్సో, ఆర్నె స్లాట్, రూబెన్ అమోరిమ్. ఆ ఏడాది మార్చి, ఏప్రిల్ నెలల్లో లివర్‌పూల్ అభిమానుల నోళ్లలో నానిన పేర్లు ప్రధానంగా ఈ మూడే.

లివర్‌పూల్ మేనేజర్ యుర్గెన్ క్లోప్ 2024 జనవరి 26న, సీజన్ చివర్లో తప్పుకుంటానని ప్రకటించాడు. 2015 అక్టోబరులో వచ్చినవాడు. 2019లో ఛాంపియన్స్ లీగ్ తెచ్చాడు. 30 ఏళ్లుగా అందని లీగ్ టైటిల్‌ను 2020లో 99 పాయింట్లతో అందించాడు. ఒకసారి 97 పాయింట్లు, ఇంకోసారి 92 పాయింట్లు సాధించి కూడా రెండుసార్లూ ఒక్క పాయింటు తేడాతో రెండో స్థానంలో ఆగిపోయాడు. నేను ఆ జట్టు అభిమానిని. ఆ కబురు విన్న రోజు నుంచి ‘తర్వాత ఎవరు?’ అన్నదే ధ్యాస. పేర్లు చెప్పుకోవడం సులువు, తూచడం కష్టం. ఎలా తూచాలో అంకెలు కొంత చెబుతాయి. ఎక్కడ ఆగిపోతాయో కూడా అవే చెబుతాయి.

క్రికెట్‌కు అలవాటుపడ్డ మనకు ముందుగా ఒక తేడా తెలియాలి. క్రికెట్‌లో ఫీల్డింగ్ మార్చేది, బౌలర్‌కు బంతి ఇచ్చేది కెప్టెన్. ఫుట్‌బాల్‌లో ఎవరు ఆడాలి, ఏ వరసలో నిలబడాలి, ఎవరిని ఎప్పుడు వెనక్కి పిలవాలి అన్నవన్నీ గీత బయట నిలబడ్డ మేనేజర్ నిర్ణయాలే. అందుకే ఒక్క మనిషి ఎంపిక మీద అభిమానులు అంతగా తర్జనభర్జన పడతారు.

పాయింట్ల పట్టిక చూస్తే ముగ్గురిలో స్లాట్‌దే వెనుకబాటు. అలొన్సో జట్టు 28 గెలిచి, 6 డ్రా చేసుకుని, ఒక్కటీ ఓడకుండా 90 పాయింట్లతో ఛాంపియన్ అయింది. అమోరిమ్ జట్టు 29 గెలిచి అదే 90తో ఛాంపియన్ అయింది. స్లాట్ జట్టుకు వచ్చినవి 84. పీఎస్‌వీ 91 సాధించడంతో ఫెయెనూర్డ్‌కు రెండో స్థానమే దక్కింది. నెదర్లాండ్స్ కప్ గెలిచినా లీగ్ టైటిల్ మాత్రం చేజారింది. ఎంపిక జరిగే నాటికి సీజన్ పూర్తి కాకపోయినా పోకడ అప్పటికే ఇలాగే ఉంది. కప్పులు లెక్కపెట్టేవాళ్లు స్లాట్ పేరును అక్కడే కొట్టేస్తారు.

గోల్ తేడా వేరే మాట చెబుతుంది. 1-0తో గెలిచినా 5-0తో గెలిచినా వచ్చేది మూడు పాయింట్లే. ఒక్క గోల్ తేడాతో తేలే మ్యాచ్‌లో బంతి స్తంభానికి తగిలి లోపలికి పోయిందా బయటికి వచ్చిందా అన్నదే ఫలితాన్ని మార్చేస్తుంది. ఆ ఏడాది లెవర్‌కూజెన్ అన్ని పోటీల్లో కలిపి వరసగా 51 మ్యాచులు ఓడలేదు. అద్భుతమే. కానీ ఆ పరంపరలో 49వ మ్యాచ్ చూడండి. మే 9న రోమా మీద ఓటమి ఖాయమనుకున్న వేళ, అదనపు సమయం ఏడో నిమిషంలో స్టానిషిచ్ గోల్ వేసి 2-2 చేశాడు. చివరి దాకా పోరాడే గుండె ధైర్యం అందులో ఉంది, అదృష్టమూ ఉంది. ఏది ఎంతో పాయింట్లు విడదీసి చెప్పలేవు. 34 మ్యాచుల గోల్ తేడా మెరుగ్గా చెబుతుంది. ఆ తూకంలో ముగ్గురూ సమానమే.

సమానమంటే అన్నీ సమానమని కాదు. ఏ లీగ్‌లో సాధించారో చూడాలి. పోర్చుగల్ లీగ్ చరిత్రలో బెన్ఫికా, పోర్టో, స్పోర్టింగ్ కాకుండా టైటిల్ గెలిచిన జట్లు రెండే: 1946లో బెలెనెన్సెస్, 2001లో బోవిష్టా. నెదర్లాండ్స్‌లోనూ దాదాపు అంతే. 1965 నుంచి అయాక్స్, పీఎస్‌వీ, ఫెయెనూర్డ్ చేతులు దాటి టైటిల్ బయటికి పోయింది మూడుసార్లే. ఇలాంటి లీగుల్లో పెద్ద జట్టు చిన్న జట్ల మీద గోల్స్ కుప్పలు పోస్తుంది. జర్మనీలో పోటీ గట్టిది. పైగా బయర్న్ మ్యూనిక్ వరసగా 11 టైటిళ్లు కొట్టేసిన చోట లెవర్‌కూజెన్ గెలిచింది, అదీ తన చరిత్రలో మొదటిసారి. 2022 అక్టోబరులో అలొన్సో వచ్చేనాటికి ఆ జట్టు 8 మ్యాచుల్లో 5 పాయింట్లతో, 18 జట్లలో 17వ స్థానంలో ఉంది. కాబట్టి మూడు అంకెల్లో చిన్నదైన 65కే నా లెక్కలో బరువు ఎక్కువ. పైగా అలొన్సో 2004 నుంచి 2009 వరకు లివర్‌పూల్‌కు ఆడినవాడు. 2005 ఇస్తాంబుల్ ఫైనల్లో 3-3 చేసిన గోల్ అతడిదే. ఇది అంకెల్లోకి ఎక్కదు గానీ అభిమాని గుండెలో ఎక్కుతుంది. మార్చి 29న అతడు లెవర్‌కూజెన్‌లోనే ఉంటానని చెప్పేయడంతో ఆ దారి మూసుకుపోయింది.

మిగిలింది ఇద్దరు. ఇక్కడ డబ్బు మాట రావాలి. సైమన్ కూపర్, స్టెఫాన్ షిమాన్‌స్కీ తమ ‘సాకర్‌నామిక్స్’ పుస్తకంలో ఇంగ్లిష్ క్లబ్బుల లెక్కలు తీశారు. ఏళ్ల తరబడి సగటు చూస్తే, జట్ల స్థానాల్లో కనిపించే తేడాల్లో దాదాపు 90 శాతాన్ని ఆటగాళ్ల జీతాల బిల్లే వివరిస్తుందని తేల్చారు. ఎక్కువ జీతాలిచ్చే జట్టు పైన, తక్కువ ఇచ్చేది కింద. మేనేజర్ ప్రతిభ కనిపించాల్సింది మిగిలిన కొద్దిపాటి చోటులోనే. అలాగైతే ప్రశ్న ‘ఎన్ని గెలిచాడు?’ అని కాదు, ‘ఉన్నదాంతో ఎంత సాధించాడు?’ అని వేసుకోవాలి.

స్లాట్ నన్ను ఆకట్టుకున్నది సరిగ్గా ఇక్కడే. అతడు 2021లో వచ్చేసరికి ఫెయెనూర్డ్ అంతకుముందు ఏడాది ఐదో స్థానంలో నిలిచిన జట్టు. మొదటి ఏడాదే యూరప్ కాన్ఫరెన్స్ లీగ్ ఫైనల్‌కు చేర్చాడు. అక్కడ రోమా చేతిలో 1-0తో ఓటమి. ఆ వేసవిలోనే మలాసియా, సెనెసీ, సినిస్టెర్రా, అవుర్స్‌నెస్ నలుగురినీ వేరే క్లబ్బులు కొనుక్కుపోయాయి. వెన్నెముక లాంటి నలుగురు పోయాక వచ్చిన సీజన్‌లో ఫెయెనూర్డ్ 82 పాయింట్లతో ఛాంపియన్ అయింది. మరుసటి వేసవిలో కెప్టెన్ కొక్చూ కూడా వెళ్లిపోయాడు. అప్పుడు 84 పాయింట్లు. ఆటగాళ్లు పోతుంటే పాయింట్లు పెరిగాయి. ఇలాంటి రికార్డు చాలా తక్కువ మందికి ఉంటుంది.

ఈ తరహా తూకం లివర్‌పూల్‌కు కొత్త కాదు. క్లోప్‌ను తెచ్చినప్పుడూ ఇదే జరిగింది. 2014-15లో క్లోప్ నడిపిన డార్ట్‌మండ్ ఫిబ్రవరిలో పట్టికలో అట్టడుగున ఉంది. చివరికి ఏడో స్థానంలో నిలిచింది. పైకి చూస్తే పని అయిపోయిన మేనేజర్. లివర్‌పూల్ విశ్లేషణ విభాగం అధిపతి ఇయాన్ గ్రాహమ్ మాత్రం ఎక్స్‌పెక్టెడ్ గోల్స్ లెక్క చూశాడు. బంతిని ఎక్కడి నుంచి, ఏ కోణంలో కొట్టారు అన్నదాన్ని బట్టి ప్రతి షాట్‌కూ గోల్ అయ్యే అవకాశం ఎంతో అంకె ఇవ్వడం ఈ పద్ధతి. పెనాల్టీ అయితే సుమారు 0.78, మైదానం మధ్య నుంచి గాల్లోకి కొడితే దాదాపు సున్నా. ఇలా కూడితే ఆ జట్టు స్థాయి ఏడో స్థానానిది కాదు, రెండో స్థానానిది. క్లోప్ ఉద్యోగంలో చేరాక అతడిని కలిసిన గ్రాహమ్, మైన్జ్ చేతిలో డార్ట్‌మండ్ 2-0తో ఓడిన మ్యాచ్ లెక్కలు ముందు పెట్టాడు. ఆ మ్యాచ్‌లో డార్ట్‌మండ్ ఒక పెనాల్టీ వృథా చేసింది, ఒక సెల్ఫ్ గోల్ వేసుకుంది, దాడులన్నీ తనవే అయినా ఓడింది. తమ దురదృష్టాన్ని గ్రాహమ్ కళ్లారా చూశాడనుకున్నాడు క్లోప్. నిజానికి గ్రాహమ్ ఆ మ్యాచ్ చూడనే లేదు. అంకెల్లోనే అంతా కనిపించింది.

ఇక అమోరిమ్. 19 ఏళ్లుగా టైటిల్ లేని స్పోర్టింగ్‌కు 2021లో తెచ్చిపెట్టాడు, 2024లో మళ్లీ తెచ్చాడు. సమర్థుడు, సందేహం లేదు. చిక్కల్లా అతడి పద్ధతితో. వెనక ముగ్గురు, మధ్యలో నలుగురు, ముందు ముగ్గురు. ఈ 3-4-3లో నడి మైదానంలో ఉండేది ఇద్దరే. మిగతా ఇద్దరు అంచుల వెంట గోల్ నుంచి గోల్ దాకా పరుగెత్తే వింగ్‌బ్యాక్‌లు. 2023 వేసవిలో లివర్‌పూల్ కొన్నది నలుగురు మిడ్‌ఫీల్డర్లను: మక్ అలిస్టర్, సొబోస్లాయ్, ఎండో, గ్రావెన్‌బెర్క్. జోన్స్, ఎలియట్ అప్పటికే ఉన్నారు. రెండు చోట్లకు ఆరుగురు! సలా, డియాజ్ లాంటి అసలు సిసలు వింగర్లనేమో అంచు వదిలి లోపలికి రమ్మనాలి. స్లాట్ ఆడించేది వెనక నలుగురితో, క్లోప్ పద్ధతికి దగ్గరగా. ఉన్నవాళ్లతో రేపే పని మొదలుపెట్టొచ్చు. గోల్ తేడాలో ఒకటి ఎక్కువో తక్కువో అన్నదానికంటే నా దృష్టిలో ఈ లెక్క పెద్దది. మే 20న స్లాట్ పేరు ప్రకటించారు.

అదే ఏడాది నవంబరులో మాంచెస్టర్ యునైటెడ్ అమోరిమ్‌ను తీసుకుంది, అదీ సీజన్ నడిమధ్యలో. అలా మధ్యలో మార్చడం పనిచేస్తుందా? నెదర్లాండ్స్ లీగ్‌లో 1986 నుంచి 2004 దాకా జరిగిన మేనేజర్ల మార్పులను బాస్ టెర్ వీల్ అనే ఆర్థికవేత్త పరిశీలించాడు. ఓటముల్లో ఉన్న జట్టు మేనేజర్‌ను మార్చాక కోలుకుంటుంది నిజమే. కానీ అలాంటి ఓటముల్లోనే ఉండి మార్చని జట్లూ అలాగే కోలుకున్నాయి. యునైటెడ్‌కు ఆ కోలుకోవడం కూడా దక్కలేదు. ఆ సీజన్‌లో అమోరిమ్ కింద ఆడిన 27 లీగ్ మ్యాచుల్లో 27 పాయింట్లు, చివరికి 15వ స్థానం. 34లో 29 గెలిచిన మనిషి ఆరు నెలల్లో ఆట మరిచిపోడు. వెనక నలుగురి పద్ధతికి కొన్న ఆటగాళ్లతో, కొత్త పద్ధతి సాధన చేయించే వ్యవధి లేకుండా దిగాడు. ఎడమ అంచున పరుగెత్తేవాడి కోసం ఫిబ్రవరిలో లెచ్చె నుంచి డోర్గును కొనాల్సి వచ్చింది.

లివర్‌పూల్ 2024-25లో ఛాంపియన్ అయింది. 2025 ఏప్రిల్ 27న టోటెన్‌హామ్‌ను 5-1తో ఓడించి, ఇంకా నాలుగు మ్యాచులుండగానే టైటిల్ ఖాయం చేసుకుంది. మొత్తం మీద 20వ లీగ్ టైటిల్. ఆనందంలో మునిగిన వారం గడిచాక అంకెలు ముందేసుకుంటే ఒక విచిత్రం కనిపిస్తుంది. సీజన్ పూర్తయ్యేసరికి స్లాట్ జట్టు వేసిన గోల్స్ 86, సమర్పించుకున్నవి 41. క్లోప్ చివరి సీజన్‌లో వేసినవి 86, సమర్పించుకున్నవి 41! ఒక్క గోల్ తేడా లేదు. పాయింట్లు 82 నుంచి 84 అయ్యాయి, అంతే. 82కు మూడో స్థానం, 84కు కిరీటం. మారింది ఎక్కువగా చుట్టూ ఉన్నవాళ్లు. మాంచెస్టర్ సిటీ 91 నుంచి 71కి, ఆర్సెనల్ 89 నుంచి 74కి పడిపోయాయి. ఈ 84 పాయింట్లు ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే మళ్లీ మూడో స్థానమే.

అలాగని స్లాట్ చేసింది ఏమీ లేదనుకుంటే అన్యాయం. టైటిల్ ఖాయమైన నాటికి 34 మ్యాచుల్లో 82 పాయింట్లు, 80 గోల్స్, సమర్పించుకున్నవి 32 మాత్రమే. క్లోప్ జట్టు 38 మ్యాచుల్లో సాధించిన పాయింట్లను నాలుగు మ్యాచుల ముందే చేరింది. సంబరాల తర్వాతి నాలుగు మ్యాచుల్లో రెండు ఓడి, రెండు డ్రా చేసుకుని 9 గోల్స్ సమర్పించుకోవడం వల్లే ఆ చివరి లెక్క అచ్చు గుద్దినట్టు కలిసింది. ఇదంతా ఆ సీజన్ కోసం ఒక్క కియేజాను మాత్రమే కొని సాధించింది.

కొనాలనుకున్నది ఇంకొకరిని. డిఫెండర్ల ముందు నిలబడి బంతి అందుకుని ఆట నడిపించే మిడ్‌ఫీల్డర్ కోసం ఆగస్టులో రియల్ సోసియదాద్ ఆటగాడు జుబిమెండి వెంటపడ్డారు. అతడు రానన్నాడు. అభిమానులు తలలు పట్టుకున్నారు. స్లాట్ ఆ చోటులో గ్రావెన్‌బెర్క్‌ను నిలబెట్టాడు. అంతకుముందు సీజన్‌లో లీగ్‌లో మొదటి పదకొండు మందిలో 12 సార్లే ఉన్నవాడు, ప్రత్యర్థి మీదికి వస్తుండగానే బంతిని ఒంటితో కాచుకుని గిర్రున తిరిగి ముందుకు సాగిపోయే నేర్పరి. కొత్త సీజన్‌లో 38లో 37 మ్యాచుల్లో మొదటి నుంచీ ఆడాడు. ప్రీమియర్ లీగ్ ఆ ఏటి ఉత్తమ యువ ఆటగాడిగా ఎంపిక చేసింది అతడినే.