పసివాళ్లకీ బీపీ చూడాలి!

జ్వరమొస్తే థర్మామీటరు పెడతాం. చిక్కిపోతే తూకం వేయిస్తాం. మరి బీపీ? 'ఈ వయసులో బీపీ ఏంటండీ!' అంటారు చాలామంది. కిడ్నీ, మూత్రనాళ సమస్యలున్న పిల్లల విషయంలో ఆ ధీమా పనికిరాదు.

ఒంట్లో ఉప్పూ నీరూ ఎంత ఉండాలో చూసేది కిడ్నీలే. అవి దెబ్బతింటే ఒంట్లో నీరు చేరుతుంది, రెనిన్ ఎక్కువగా విడుదలై రక్తనాళాలు బిగుసుకుంటాయి. దాంతో బీపీ పెరుగుతుంది. పెరిగిన బీపీ మళ్లీ కిడ్నీలనే దెబ్బతీస్తుంది. పైకి మాత్రం పిల్లాడు ఆడుతూ పాడుతూనే కనిపిస్తాడు!

ఎవరికి?

మూత్రం బ్లాడరు నుంచి వెనక్కి కిడ్నీల వైపు ఎగదన్నే పిల్లలకు పదేపదే ఇన్‌ఫెక్షన్లు వచ్చి కిడ్నీలో మచ్చలు పడొచ్చు. ఇన్‌ఫెక్షన్ తగ్గిన కొన్నేళ్లకి ఆ మచ్చల వల్ల బీపీ రావచ్చు. నెఫ్రోటిక్ సిండ్రోమ్‌కి వాడే స్టెరాయిడ్లతోనూ పెరగొచ్చు. గొంతునొప్పో చర్మంమీద పుండ్లో తగ్గాక ముఖం ఉబ్బి, మూత్రం కోలా రంగులో వస్తే ఆలస్యం చేయొద్దు. ఒక్కసారిగా బీపీ పెరిగి ఫిట్స్ రావచ్చు.

ఎలా చూడాలి?

ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి మూడేళ్ల నుంచి ఏడాదికోసారి చూస్తే చాలు. కిడ్నీ సమస్య ఉంటే మూడేళ్లలోపు వాళ్లకైనా సరే, ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ చూడాలి. పెద్దల పట్టీ చుడితే బీపీ తక్కువగా, మరీ చిన్నదైతే ఎక్కువగా చూపిస్తుంది. ఏడుస్తుంటే ఆ లెక్క నమ్మలేం. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చోబెట్టి, కుడిచేతికి చూడాలి.

పదమూడేళ్లలోపు వాళ్లకి వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టి లెక్క మారుతుంది. పెద్దవాళ్లకి పెద్దగా కంగారుపడక్కర్లేని 120/80, అయిదేళ్ల పిల్లాడికి ఎక్కువే!

అదుపులో ఉంటే...

ఐరోపాలో 385 మంది కిడ్నీ జబ్బు పిల్లలమీద జరిగిన 'ఎస్కేప్' అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. అందరికీ ఒకే మందు ఇస్తూనే, కొందరికి బీపీని మరింత కిందికి దించారు. మామూలుగా అదుపు చేసినవాళ్లలో అయిదేళ్లలో దాదాపు 42 శాతం మందికి కిడ్నీ పనితీరు బాగా పడిపోతే, గట్టిగా అదుపు చేసినవాళ్లలో అది 30 శాతమే.

సికింద్రాబాద్ చుట్టుపక్కల వాళ్లకి ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రిలో పిల్లల విభాగం, కిడ్నీ విభాగం రెండూ ఉన్నాయి. డాక్టరు చెప్పకుండా మందులు ఆపొద్దు. వాంతులు, విరేచనాలైతే వెంటనే అడగండి. పచ్చళ్లు, అప్పడాలు, చిప్స్ తగ్గించండి. బరువూ ఎత్తూ రాసుకునే పుస్తకంలో బీపీకీ ఓ గడి గీయండి. అది ఖాళీగా ఉంటే డాక్టర్ని మీరే అడగండి!